మహమ్మారి కాలంలో ఆసియా ప్రాంతీయ ఆర్థిక సమైక్యత: ఒక విమర్శనాత్మక పరిశీలన

ప్రాంతీయ ఆర్థిక సమైక్యతకు సంబంధించిన ప్రధాన సిద్ధాంతాలను గత భాగంలో చదివారు. స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం, కస్టమ్స్ యూనియన్, ఉమ్మడి మార్కెట్, ఆర్థిక సమాఖ్య అంటూ 1961లో బేలా బలస్సా వివరించిన మెట్ల వరుస మీకు గుర్తుండే ఉంటుంది. ఆ మెట్లు ఐరోపా అనుభవం నుంచి పుట్టినవి. ఆసియా వాటిమీదుగా నడవలేదు. ఇక్కడ ముందుగా కంపెనీలు సరిహద్దులు దాటాయి, విడిభాగాలు దాటాయి, కూలీలు దాటారు. ప్రభుత్వాలు ఆ తర్వాత తీరిగ్గా వచ్చి ఒప్పందాలు రాసుకున్నాయి. అందుచేత ఆసియాలో సమైక్యత ఎంత ఉంది అని అడిగితే, ఎవరు ఏది కొలుస్తున్నారన్న దాన్నిబట్టి జవాబు మారిపోతుంది. కోవిడ్-19 గురించి రాసినవారిలో కనిపించే అయోమయానికి మూలం ఇక్కడే ఉంది.

మహమ్మారి ఆసియా దేశాలను మరింత దగ్గర చేసిందని ఒక వర్గం వాదిస్తుంది. ఎవరి దారి వారు చూసుకోవడంతో సమైక్యత కథ ముగిసిందని మరో వర్గం అంటుంది. పరీక్షల కోసం ఈ రెండింటినీ చెరో పక్క రాసి, 'రెండింటిలోనూ కొంత నిజముంది' అని ముగించే అలవాటు మన విద్యార్థులకు ఉంది. ఈ భాగంలో ఆ పని చేయబోవడం లేదు. ఒక్కో వాదం ఏ ఆధారం మీద నిలబడిందో, ఆ ఆధారం ఎంత బరువు మోయగలదో చూద్దాం.

2020 నవంబరు 15 నాటి సంతకం

మొదటి వాదానికి ప్రధాన ఆధారం ప్రాంతీయ సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం. పత్రికలు దీన్ని ఆర్‌సెప్ అని రాస్తాయి. వియత్నాం ఆతిథ్యంలో వీడియో ద్వారా జరిగిన సమావేశంలో 2020 నవంబరు 15న 15 దేశాలు దానిపై సంతకాలు చేశాయి. అవి ఆసియాన్‌లోని 10 దేశాలు, వాటితో పాటు చైనా, జపాన్, దక్షిణ కొరియా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్. ప్రపంచ జనాభాలోనూ, ఉత్పత్తిలోనూ దాదాపు 30 శాతం వీటిదే. ప్రపంచమంతా తలుపులు మూసుకున్న ఏడాదిలో ఇంత పెద్ద వాణిజ్య కూటమి ఏర్పడిందంటే, మహమ్మారి ఆసియాను కలిపిందని అనిపించడం సహజమే.

కానీ తేదీలు చూడండి. ఈ చర్చలను 2012 నవంబరులో ప్రారంభించారు. 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో భారత్ తప్పుకున్న రోజునే మిగిలిన 15 దేశాలు పాఠంపై చర్చలు ముగిశాయని ప్రకటించాయి. వూహాన్ పేరు అప్పటికి ప్రపంచంలో చాలామందికి తెలియదు. 2020లో మిగిలింది న్యాయపరమైన పరిశీలన, మార్కెట్ ప్రవేశానికి సంబంధించిన కొన్ని చిక్కుముళ్లు, సంతకం. కాబట్టి మహమ్మారి వల్ల ఆర్‌సెప్ వచ్చిందనడం కంటే, మహమ్మారి వచ్చినా ఆర్‌సెప్ ఆగలేదనడం సరైన మాట. ఈ రెండు వాక్యాల మధ్య తేడా చిన్నది కాదు. మొదటిది కార్యకారణ సంబంధాన్ని చెబుతోంది. రెండోది అప్పటికే ఉన్న ఊపును మాత్రమే చెబుతోంది.

ఇంకో విషయం కూడా ఉంది. ఆసియాన్‌కు ఆ అయిదు దేశాలతోనూ విడివిడిగా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలు అంతకు ముందే ఉన్నాయి. సుంకాల విషయంలో నిజంగా కొత్తగా కలిసినవి చైనా-జపాన్, జపాన్-కొరియా జంటలు. రెండో ముఖ్యమైన లాభం మూలస్థాన నిబంధనలు ఒక్కటి కావడం. ఒక వస్తువు విలువలో 40 శాతం ఈ 15 దేశాల్లో ఎక్కడ తయారైనా రాయితీకి అర్హత పొందే వీలు కలిగింది. విడిభాగాలు అయిదారు దేశాలు తిరిగే ఎలక్ట్రానిక్స్ పరిశ్రమకు ఇది చాలా విలువైనది. అయితే ఒప్పందం 2022 జనవరి 1న 10 దేశాల్లో మాత్రమే అమల్లోకి వచ్చింది. కొరియా, మలేసియా ఆ ఏడాదే చేరాయి. ఇండొనేసియా 2023 జనవరిలో, ఫిలిప్పీన్స్ 2023 జూన్‌లో చేరాయి. అంటే మహమ్మారి తీవ్రంగా ఉన్న 2020, 2021లలో ఈ ఒప్పందం కాగితం మీదే ఉంది. ఆ రెండేళ్లలో జరిగిన మంచికి గానీ చెడుకు గానీ దీన్ని కారణంగా చూపలేం.

వాటాల లెక్కలో మెలిక

రెండో ఆధారం గణాంకాలది. 2020లో ఐరోపా సమాఖ్యను దాటి ఆసియాన్ చైనాకు అతిపెద్ద వాణిజ్య భాగస్వామి అయింది. ఈ వాక్యాన్ని మీరు చాలా వ్యాసాల్లో చూస్తారు. వాక్యం నిజమే. చైనా కస్టమ్స్ లెక్కల ప్రకారం ఆ ఏడాది ఆసియాన్‌తో దాని వ్యాపారం సుమారు 68 వేల కోట్ల డాలర్లు, ఐరోపా సమాఖ్యతో సుమారు 65 వేల కోట్ల డాలర్లు.

అయితే 2020 జనవరి 31న బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుంచి వైదొలిగింది. చైనాతో బ్రిటన్ వ్యాపారం ఆ ఏడాది 9 వేల కోట్ల డాలర్ల పైచిలుకు. దాన్ని పాత పద్ధతిలో కలిపి చూస్తే ఐరోపాదే పైచేయి అవుతుంది. అంటే ఆ ఏడాది స్థానాలు తారుమారు కావడంలో బ్రస్సెల్స్, లండన్‌ల విడాకుల పాత్ర కూడా ఉంది. ఆసియాన్-చైనా వ్యాపారం పెరగలేదని దీని అర్థం కాదు. పెరిగింది, చాలా ఏళ్లుగా పెరుగుతూనే ఉంది. కానీ 'మహమ్మారి ఏడాదిలో మలుపు తిరిగింది' అన్న నాటకీయత మాత్రం లెక్క రాసే పద్ధతి నుంచి వచ్చింది.

వాటాలను చదివేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. ప్రాంతీయ వాణిజ్య వాటా ఒక భిన్నం. పైన ప్రాంతంలోపలి వ్యాపారం, కింద మొత్తం వ్యాపారం. పైనున్న సంఖ్య కదలకపోయినా, కింది సంఖ్య తగ్గితే వాటా పెరుగుతుంది. అమెరికా, ఐరోపాలలో దుకాణాలు మూతబడి గిరాకీ పడిపోయిన నెలల్లో ఆసియా లోపలి వాటా పెరిగినట్టు కనిపిస్తే, అది దగ్గరితనమా, పక్కవాడి నష్టమా అన్నది ముందు తేల్చుకోవాలి. పరీక్షలో పట్టిక ఇచ్చి వ్యాఖ్యానించమని అడిగినప్పుడు వాటాతో పాటు మొత్తం విలువను కూడా చూసే అలవాటు చేసుకోండి.

కొరత వచ్చిన రోజు

సమైక్యతకు అసలు పరీక్ష సరుకు సమృద్ధిగా ఉన్నప్పుడు కాదు, కొరతగా ఉన్నప్పుడు. 2020 మార్చి 24న వియత్నాం కొత్త బియ్యం ఎగుమతి ఒప్పందాలను నిలిపివేసింది. ఏప్రిల్‌కు 4 లక్షల టన్నుల పరిమితి పెట్టి, మే నెల నుంచి ఆంక్షలు ఎత్తివేసింది. కంబోడియా ఏప్రిల్ 5 నుంచి తెల్లబియ్యం, ధాన్యం ఎగుమతిని ఆపింది. భారత్ నిషేధం విధించకపోయినా, లాక్‌డౌన్‌లో మిల్లులకు, రేవులకు కూలీలు, లారీలు దొరకక మన ఎగుమతిదారులు కొన్నాళ్లు కొత్త ఒప్పందాలు ఆపుకున్నారు. ఏప్రిల్ 14న ఆసియాన్ దేశాలు, చైనా, జపాన్, కొరియా ప్రత్యేక శిఖరాగ్ర సమావేశం జరిపి మార్కెట్లను తెరిచి ఉంచుతామని ప్రకటించాయి. ఆ రోజు ఆసియాన్ అధ్యక్ష స్థానంలో ఉన్నది వియత్నామే. దాని బియ్యం పరిమితి ఆ రోజు అమల్లోనే ఉంది.

వియత్నాంను నిందించడం తేలిక. మెకాంగ్ డెల్టాలో ఆ ఏడాది కరవు, ఉప్పునీటి బెడద తీవ్రంగా ఉన్నాయి. ఇంటి గాదె చూసుకోవడం ఏ ప్రభుత్వమైనా చేసే పనే. విమర్శించవలసింది ఏర్పాటును. ఇలాంటి రోజు కోసమే 2012 నుంచి ఆసియాన్ ప్లస్ త్రీ అత్యవసర బియ్యం నిల్వ అనే ఒప్పందం ఉంది. అందులో దేశాలు కేటాయించిన బియ్యం 7,87,000 టన్నులు. దీనిలో సింహభాగం చైనా, జపాన్, కొరియాలది. అది కూడా ఆయా దేశాల గిడ్డంగుల్లోనే ఉంటూ ఉమ్మడి ఖాతాలో పేరు మాత్రమే రాసుకున్న బియ్యం. ఫిలిప్పీన్స్ ఒక్కటే ఆ రోజుల్లో ఏటా 20 లక్షల టన్నులకు పైగా దిగుమతి చేసుకునేది. తుపాను బాధితులను కొన్ని వారాలు ఆదుకోవడానికి పనికొచ్చే నిల్వ, అతిపెద్ద ఎగుమతిదారుల భయాన్ని ఆపగలదా?

మందుల కథ మనకు మరింత దగ్గరిది. భారత్ దిగుమతి చేసుకునే బల్క్ డ్రగ్స్‌లో దాదాపు మూడింట రెండు వంతులు చైనా నుంచి వస్తాయి. 2020 జనవరి 23న వూహాన్‌ను దిగ్బంధించినప్పుడు ఆ వార్తను అత్యంత ఆందోళనతో చదివినవారిలో హైదరాబాద్ చుట్టుపక్కల, విశాఖ సమీపంలోని పరవాడలో ఉన్న ఔషధ పరిశ్రమల కొనుగోలు విభాగాలవారు ఉంటారనడంలో సందేహం లేదు. మార్చి 3న భారత్ పారాసిటమాల్‌తో సహా 26 రకాల ముడిమందులు, వాటితో చేసిన మందుల ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. ఏప్రిల్ 6 నాటికి చాలావాటిని సడలించింది. చైనా కట్టడి చేస్తే మనం కట్టడి చేశాం, మనం కట్టడి చేస్తే మన మందులు కొనే దేశాలు కంగారుపడ్డాయి. ఒకే గొలుసులోని కొక్కేలన్నీ ఇలా వరుసగా బిగుసుకోవడం కూడా సమైక్యతకు ఒక రుజువే. కష్టంలో కలిసి నిర్ణయం తీసుకునే ఏర్పాటు లేకుండా కేవలం ఆధారపడటం మాత్రమే ఉన్న సమైక్యత అది.

తర్వాత ప్రభుత్వం బల్క్ డ్రగ్స్‌కు 6,940 కోట్ల రూపాయలతో ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహక పథకం తెచ్చింది. చైనా చౌక సరుకు ముందు నిలవలేక దేశంలో ఏనాడో మూతబడిన పెన్సిలిన్-జి తయారీ, ఈ పథకం కింద 2024లో కాకినాడ సమీపంలో మళ్లీ మొదలైంది. దీన్ని సమైక్యతకు ఎదురీతగా చూడాలా, బేరమాడే శక్తిని పెంచుకోవడంగా చూడాలా అన్నది చర్చించదగ్గ ప్రశ్న. ఒకే అమ్మకందారు ఉన్న సంతను సమైక్య మార్కెట్ అనడం నాకు సమ్మతం కాదు.

టీకాల విషయంలో బంగ్లాదేశ్ అనుభవం చూస్తే చాలు. భారత్‌లో తయారైన కోవిషీల్డ్ 3 కోట్ల డోసుల కోసం ఆ దేశం ఒప్పందం చేసుకుంది. కొనుగోలు కింద 70 లక్షలు అందాక, 2021 మార్చి చివరి నుంచి మన రెండో ఉద్ధృతి కారణంగా ఎగుమతులు ఆగాయి. మొదటి డోసు వేసుకున్న లక్షలాది మంది రెండో డోసు కోసం ఎదురుచూడవలసి వచ్చింది. ఢాకా చైనా సైనోఫామ్ వైపు మళ్లింది. నేపాల్‌దీ దాదాపు ఇదే పరిస్థితి. ఆక్సిజన్ కోసం మన ఊళ్లలోనే జనం పరుగులు తీస్తున్న ఆ వారాల్లో ఎగుమతి ఆపడాన్ని తప్పుపట్టడం కష్టం. కానీ ఒక ప్రాంతం మొత్తానికి ఒకే కర్మాగారం దిక్కైనప్పుడు, కొరతను ఎలా పంచుకోవాలో ముందే రాసుకోకపోవడం లోపమే. 2020 మార్చి 15న సార్క్ నాయకులు వీడియోలో మాట్లాడుకున్నారు. భారత్ కోటి డాలర్లతో అత్యవసర నిధిని ప్రారంభించింది. ఆ నిధి సార్క్ సచివాలయం చేతిలో ఉండాలా వద్దా అన్న దగ్గర పాకిస్తాన్‌తో పేచీ వచ్చింది. 2014 నవంబరు తర్వాత శిఖరాగ్ర సమావేశమే జరగని సంస్థ నుంచి ఇంతకు మించి ఆశించలేం. దక్షిణాసియా దేశాల మొత్తం వాణిజ్యంలో పరస్పర వాణిజ్యం 5 శాతం దగ్గరే ఉండిపోయిందని గత భాగంలో చదివారు కదా.

డాలర్లు ఎవరిచ్చారు?

1997 ఆర్థిక సంక్షోభంలో ఐఎంఎఫ్ షరతులు చేసిన గాయం నుంచి చియాంగ్ మై ఏర్పాటు పుట్టింది. దాని పరిమాణం 24 వేల కోట్ల డాలర్లు. 2020 మార్చిలో డాలర్ల కోసం ప్రపంచమంతా ఎగబడినప్పుడు దీని నుంచి ఒక్క డాలరు కూడా ఎవరూ తీసుకోలేదు. మార్చి 19న అమెరికా ఫెడరల్ రిజర్వ్ దక్షిణ కొరియాకు, సింగపూర్‌కు చెరో 6 వేల కోట్ల డాలర్ల స్వాప్ ఏర్పాటు చేసింది. మార్కెట్లు కుదుటపడటానికి ఆ ప్రకటన తోడ్పడింది. చియాంగ్ మై వాటాలో ఐఎంఎఫ్ కార్యక్రమంతో ముడిలేకుండా తీసుకోగల భాగాన్ని 30 నుంచి 40 శాతానికి పెంచిన సవరణ 2021 మార్చి 31న గానీ అమల్లోకి రాలేదు. మిగతా 60 శాతానికి పాత గాయం తాలూకు సంస్థ గుమ్మమే ఎక్కాలి.

దక్షిణాసియాలో ఇంత హంగు లేదు గానీ, పని కొంత జరిగింది. రిజర్వు బ్యాంకు శ్రీలంకకు 2020 జులైలో 40 కోట్ల డాలర్ల స్వాప్ ఇచ్చింది. 2021లో బంగ్లాదేశ్ 20 కోట్ల డాలర్లు సర్దింది. అప్పటిదాకా సాయం పొందే దేశంగానే పుస్తకాల్లో కనిపించిన దేశం అది. 2022 ఏప్రిల్‌లో శ్రీలంక విదేశీ అప్పుల చెల్లింపును ఆపేసింది కాబట్టి ఇవి చాలలేదని తేలింది. అయినా చేబదులుకు పొరుగింటి తలుపు తట్టగలగడం, పెట్టెలో తాళం వేసి ఉంచిన 24 వేల కోట్ల కంటే సమైక్యత అన్న మాటకు దగ్గరగా ఉంది.

స్వావలంబన, దిగుమతులు

భారత్ వైఖరిని క్లుప్తంగా ప్రస్తావించాలి. ఆర్‌సెప్ నుంచి తప్పుకున్నాం. 2020 ఏప్రిల్‌లో భూసరిహద్దు ఉన్న దేశాల పెట్టుబడులకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేశాం. జూన్‌లో గల్వాన్ ఘర్షణ, ఆ నెలాఖరున 59 యాప్‌ల నిషేధం. అయినా 2021లో చైనా-భారత్ వ్యాపారం 12,500 కోట్ల డాలర్లు దాటింది. అందులో అధికభాగం మన దిగుమతులే. ఆసియా సమైక్యత ముగిసిందనే రెండో వర్గం ఈ ఒక్క అంకెకు సమాధానం చెప్పాలి. ఒప్పందం లేదు, స్నేహం లేదు, కానీ యంత్రాలు, విడిభాగాలు, ముడిమందులు వస్తూనే ఉన్నాయి. బలస్సా మెట్లలో దీనికి పేరు లేదు.

లెక్కలోకి రాని సమైక్యత

ఇంతవరకు సరుకుల గురించి, డబ్బు గురించి మాట్లాడాం. ఈ విషయంపై వచ్చిన రచనల్లో ఎక్కువ భాగం ఇక్కడితో ఆగిపోతాయి. వాటిపై నా ప్రధాన అభ్యంతరం అదే.

సింగపూర్‌కు, మలేసియాలోని జొహోర్ బారుకు మధ్య కిలోమీటరు పొడవున్న కాజ్‌వే ఉంది. మహమ్మారికి ముందు రోజూ 3 లక్షల మంది దాకా దాన్ని దాటేవారు. పొద్దున వెళ్లి సింగపూర్‌లో పనిచేసి, రాత్రికి ఇల్లు చేరే మలేసియా కార్మికులు వారిలో చాలామంది. 2020 మార్చి 18న మలేసియా రాకపోకలను నియంత్రించడంతో, చాలామంది ఉద్యోగమో కుటుంబమో ఒకదాన్ని ఎంచుకోవలసి వచ్చింది. ఆగస్టులో కొంత సడలించారు: అవతల కనీసం 90 రోజులు పనిచేస్తే సెలవు మీద ఇంటికి రావచ్చు. పూర్తిగా తెరుచుకున్నది 2022 ఏప్రిల్ 1న. ఈ మధ్యకాలంలో రెండు దేశాలూ ఆర్‌సెప్‌పై సంతకం చేశాయి. మూలస్థాన నిబంధనల ప్రకారం విడిభాగం సరిహద్దు దాటుతుంది. దాన్ని బిగించే మనిషి 90 రోజులు ఆగాలి.

ఆర్‌సెప్‌లో వ్యక్తుల తాత్కాలిక రాకపోకలపై ఒక అధ్యాయం ఉంది. అది వ్యాపార పర్యటనలకు వచ్చేవారి గురించి, కంపెనీలు తమ శాఖలకు బదిలీ చేసే ఉద్యోగుల గురించి. కార్మిక హక్కులకు అందులో అధ్యాయమే లేదు. 2015 చివర ఏర్పడిన ఆసియాన్ ఆర్థిక సముదాయం కూడా నైపుణ్యం గల శ్రామికుల గురించే మాట్లాడింది. సింగపూర్ వసతిగృహాల్లో ఒక్కో గదిలో కిక్కిరిసి ఉన్న 3 లక్షల పైచిలుకు విదేశీ కార్మికుల్లో దాదాపు సగం మందికి 2020 ముగిసేలోగా వైరస్ సోకిందని ఆ ప్రభుత్వమే చెప్పింది. థాయిలాండ్‌లోని సముత్ సాఖొన్ రొయ్యల మార్కెట్లో 2020 డిసెంబరులో కేసులు బయటపడినప్పుడు, మయన్మార్ కార్మికుల నివాసాల చుట్టూ ముళ్లకంచె వేశారు. ఆసియా అభివృద్ధి బ్యాంకు సమైక్యతా సూచీలో ప్రజల రాకపోకలకు ఒక విభాగం ఉన్నమాట నిజమే. కానీ సూచీకి తెలిసేది ఎంతమంది కదిలారన్నదే. ఎలా బతికారన్నది దానికి తెలియదు.

ఆసియా సమైక్యతపై రాసేవారి పటం సాధారణంగా తూర్పున జపాన్‌తో మొదలై పడమర పాకిస్తాన్ దగ్గర ఆగుతుంది. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, కడప, కోనసీమల్లో ఎవరినైనా అడిగి చూడండి. ఆసియాతో వారి కుటుంబాల బంధం గల్ఫ్‌తోనే. 2020 ఏప్రిల్‌లో కువైట్ అనుమతి పత్రాలు లేనివారికి క్షమాభిక్ష ప్రకటించింది. జరిమానా లేకుండా వెళ్లిపోవచ్చంది. కానీ అప్పటికే భారత్ అంతర్జాతీయ విమానాలు ఆపేసింది. వెళ్లిపొమ్మన్న దేశానికీ, రానివ్వని దేశానికీ మధ్య మనవాళ్లు శిబిరాల్లో వారాల తరబడి ఉన్నారు. మే 7న వందేభారత్ విమానాలు మొదలయ్యాయి.

ఆ తర్వాత జరిగినదే ఈ భాగానికంతటికీ కీలకమైన ఉదాహరణ. గల్ఫ్ దేశాలకు వెళ్లే కార్మికులకు ఇంత కంటే తక్కువ జీతానికి అనుమతి ఇవ్వబోమని మన ప్రభుత్వం నిర్ణయించే కనీస వేతనాలు ఉంటాయి. 2020 సెప్టెంబరులో కేంద్రం సర్క్యులర్ల ద్వారా వీటిని 30 నుంచి 50 శాతం వరకు తగ్గించింది. చూపిన కారణం గమనించండి: మహమ్మారిలో ఉద్యోగాలు పోతున్నాయి, మన రేటు ఎక్కువగా ఉంటే యజమానులు పొరుగు దేశాల కార్మికులను తీసుకుంటారు. అంటే నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్ కార్మికులతో మనవారు ఒకే మార్కెట్‌లో ఉన్నారని ప్రభుత్వమే ఒప్పుకుంది. శ్రామిక మార్కెట్ సమైక్యత ఇంతకంటే సంపూర్ణంగా ఎక్కడ ఉంటుంది? సార్క్ వాణిజ్యంలో 5 శాతం దాటలేని దేశాలు, దోహాలోనూ దుబాయిలోనూ ఒకే నిచ్చెన మీద ఒకరి కింద ఒకరు దిగుతున్నాయి.

ఈ సర్క్యులర్లను తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం ద్వారా సవాలు చేశారు. 2021లో కేంద్రం వాటిని ఉపసంహరించుకుంది. కార్మికులను పంపే ఆసియా దేశాలకు 2003 నుంచి కొలంబో ప్రాసెస్ అనే సంప్రదింపుల వేదిక ఉంది. భారత్, నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక, ఫిలిప్పీన్స్ అన్నీ అందులో సభ్యులే. అందరూ ఒకే కనీస రేటుకు కట్టుబడితే ఒకరు తగ్గించి మరొకరి పని లాక్కునే అవసరం ఉండదు. బియ్యానికి ఉమ్మడి నిల్వ, డాలర్లకు ఉమ్మడి నిధి ఊహించగలిగిన ప్రాంతం, కూలీకి ఉమ్మడి రేటును మాత్రం ఒప్పందంగా రాసుకోలేదు. 2022 ఫిబ్రవరిలో భారత్, యు.ఎ.ఇ. సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందంపై సంతకం చేశాయి. చర్చలు మూడు నెలల్లోపే ముగిశాయి. అది ముఖ్యంగా సుంకాల గురించి, సేవల గురించి. తగ్గించిన రేట్లు అమల్లో ఉన్న నెలల్లో కాంట్రాక్టు మీద సంతకం చేసి విమానమెక్కినవారి విషయానికొస్తే, సర్క్యులర్ వెనక్కి పోయినంత మాత్రాన ఆ కాగితం మీది అంకె దానంతటది మారదు.